ముందు ఇంట్లో ఉన్న కార్డులు, తర్వాతే కొనే పాలసీ: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు ఆరోగ్య బీమా సమగ్ర మార్గదర్శి

ఏజెంటు వచ్చి కూర్చోగానే అడిగేది "సంవత్సరానికి ఎంత కట్టగలరు సార్?" అని. మీరొక అంకె చెబితే ఆ అంకెకు తగ్గ పాలసీ చేతికొస్తుంది. అది మీ ఇంటికి సరిపోతుందో లేదో ఎవరూ చూడరు. అసలు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: పైసా కట్టకుండా ఇప్పటికే మన ఇంటికి ఏ రక్షణ ఉంది, అది ఎక్కడ ఆగిపోతుంది? ఆ ఆగిపోయే చోటు దగ్గర్నుంచి మాత్రమే డబ్బు పెట్టి కొనాలి. మామూలు జీతగాడికి, చిన్న అంగడి నడిపేవాడికి, పాల బిల్లు మీద ఇల్లు గడిపేవాడికి ఆరోగ్య బీమా అందుబాటులోకి వచ్చే దారి ఇదొక్కటే.

మొదటి అడుగు: ఒక తెల్లకాగితం

ఇంట్లో ఉన్న కార్డులన్నీ ఒకచోట పెట్టండి. రైస్ కార్డు, అందరి ఆధార్లు, ఈఎస్ఐ కార్డు, ఆఫీసువాళ్లు ఇచ్చిన గ్రూపు బీమా కాగితం, పాత పాలసీలు. తెల్లకాగితం మీద మనిషికో వరుస గీసి ఇవి రాయండి: ఆధార్‌లో ఉన్న పేరు ఉన్నదున్నట్టు, ఆధార్ ప్రకారం వయసు, రైస్ కార్డులో పేరు ఉందా లేదా, ఏ జబ్బుకు ఏ మాత్ర వాడుతున్నారు, ఏ నెల ఏ సంవత్సరంలో మొదలైంది, ఇంతకుముందు ఏ ఆపరేషన్ అయింది. చివరి మూడు వివరాలూ పాలసీ ఫారం నింపేటప్పుడు మళ్లీ కావాలి. అప్పుడు గుర్తు తెచ్చుకుని రాస్తే తప్పులు పోతాయి. పాత మందుల చీటీలు చూసి ఇప్పుడే రాసుకోండి.

బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు, 436 రూపాయలు కట్ అవుతున్నాయి కాబట్టి మాకు బీమా ఉందనుకునేవాళ్లు చాలామంది. 20 రూపాయలది సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తుంది. 436 రూపాయలది జీవన్ జ్యోతి, ప్రాణం పోతే 2 లక్షలు. రెండూ ఉండాల్సినవే. కానీ ఆస్పత్రి బిల్లులో ఈ రెండిటి నుంచీ ఒక్క రూపాయి రాదు. మీ కాగితంలో వీటిని ఆరోగ్య బీమా కింద రాసుకోకండి.

రెండో అడుగు: ఎన్టీఆర్ వైద్య సేవ

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. ఏడాదికి 5 లక్షల్లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి వర్తిస్తుంది. జాబితాలో 3,257 చికిత్సలున్నాయి, కుటుంబానికి పరిమితి 25 లక్షలు. పరీక్షలు, మందులు, ఇంప్లాంట్లు, రోగికి భోజనం, ఇంటికి తిరిగెళ్లే ఛార్జీ కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. పాత జబ్బు, కొత్త జబ్బు అన్న తేడా గానీ, ఇన్నేళ్లు ఆగాలన్న షరతు గానీ లేవు. ప్రైవేటు పాలసీ ఏదీ ఈ విషయంలో దీనికి సాటి రాదు. అందుకే దీన్ని సరిగ్గా పెట్టుకోవడం మీద పెట్టే ఒక రోజు, పాలసీలు పోల్చే పది రోజులకంటే విలువైనది.

ఆస్పత్రి అవసరం రాకముందే చేసుకోవాల్సిన పని కార్డు సరిచూసుకోవడం. గ్రామ, వార్డు సచివాలయంలో కుటుంబ వివరాలు తీయించి చూడండి. ఎక్కువగా కనిపించే లోపాలు రెండు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. పిల్లల పేర్లు కార్డులో చేరి ఉండవు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, కార్డులో ఇంకో స్పెల్లింగు ఉన్నా తిప్పలే. అత్యవసర వార్డు బయట నిలబడి వీటిని సరిచేయించలేరు.

చేరే రోజు గుర్తుంచుకోవాల్సింది వరుసక్రమం. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర (పథకం తరఫున అక్కడ కూర్చునే ఉద్యోగి) డెస్కు దగ్గరికి వెళ్లి కార్డు, ఆధార్ చూపించాలి. తర్వాతే అడ్మిషన్. చాలామంది కంగారులో నగదు రోగిగా చేరిపోయి, రెండు రోజులయ్యాక "మాకు కార్డు ఉంది" అంటారు. అప్పటికి వాడిన మందులకు, చేసిన పరీక్షలకు కట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం. పథకం నడిపే ట్రస్టు నుంచి ముందస్తు అనుమతి రావాల్సిన ఆపరేషన్‌ను ముందే చేసేసి తర్వాత అనుమతి అడిగినా చిక్కే. నిజంగా ప్రాణం మీదికొచ్చిన కేసైతే ఫోన్ మీద అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. అది ఆరోగ్యమిత్రే చూసుకోవాలి, మీరు గట్టిగా అడగాలి.

ఇంకో మెలిక ఉంది. ఆస్పత్రి గుమ్మం మీద వైద్య సేవ బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడి అన్ని విభాగాలకూ పథకం ఉన్నట్టు కాదు. నెట్‌వర్క్ అనుమతి, అంటే పథకం కింద వైద్యం చేసే అనుమతి, విభాగాలవారీగా ఇస్తారు. ఎముకలకు ఉండి గుండెకు లేని ఆస్పత్రులున్నాయి. "మీకు ఆరోగ్యశ్రీ ఉందా?" అని అడిగితే ఉందంటారు. "ఈ జబ్బుకు, ఈ ఆపరేషన్‌కు ఉందా?" అని అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. ప్యాకేజీ కింద చేరాక అదనంగా డబ్బడిగినా ఫిర్యాదు చేయాల్సింది ఆ నంబరుకే.

తిరుపతివాళ్లకు ఉన్న సౌకర్యం అన్ని ఊళ్లకూ లేదు. రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకు, కీళ్లకు టీటీడీ వారి బర్డ్ ఉంది, పిల్లల గుండెకు పద్మావతి హృదయాలయం ఉంది, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. చిత్తూరు వైపు వాళ్లకు మాత్రం ఏ పెద్ద జబ్బైనా కాళ్లు వేలూరు వైపే లాగుతాయి. అలవాటు అలాంటిది, తప్పు పట్టేదేం లేదు. కాకపోతే రాష్ట్రం దాటితే పథకం లెక్క మారుతుంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో కొన్ని ఆస్పత్రులు మాత్రమే నెట్‌వర్క్‌లో ఉన్నాయి, అదీ కొన్ని చికిత్సలకే. బస్సెక్కకముందే 104కు ఫోన్ చేసి ఆ ఆస్పత్రి పేరు, జబ్బు పేరు చెప్పి అడగండి.

పనిలో పని, పుత్తూరు కట్టు గురించి. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకోవడం ఈ ప్రాంతపు పద్ధతి. అది ఏ బీమా లెక్కలోకీ రాదు. అక్కడ అడ్మిషన్ ఉండదు, బీమా నిబంధనలు చెప్పే ఆస్పత్రి లక్షణాలుండవు. కట్టు సరిగా కుదరక తర్వాత ఆపరేషన్ చేయించుకుంటే, ఆ ఆపరేషన్ ఖర్చును బీమా కింద అడగవచ్చు.

వైద్య సేవ ఎక్కడ ఆగుతుంది? జాబితాలో లేని జబ్బులకు, ఓపీ చూపించుకోవడానికి, నెలనెలా మింగే మాత్రలకు రాదు. ప్రైవేటు గదిలో ఉండాలనుకుంటే రాదు. ఇంకోటి, బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన సందర్భాలున్నాయి, 2025 అక్టోబరులోనూ ఆపాయి. అలాంటి వారంలో మన ఇంట్లో అవసరం పడితే మిగిలేవి ప్రభుత్వ ఆస్పత్రులు. ఈ లోటు సంగతి గుర్తుంచుకోండి, కొనే పాలసీ దగ్గర మళ్లీ వస్తుంది.

మూడో అడుగు: ఇంట్లో 70 దాటినవాళ్లు

2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రక్షణ ఉంది. కార్డు పేరు వయ వందన. రైస్ కార్డు లేకపోయినా, సొంత ఇల్లు, కారు ఉన్నా, ప్రైవేటు పాలసీ ఉన్నా వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పథకం, మాజీ సైనికుల పథకం లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి.

కావాల్సింది ఆధార్ ఒక్కటే. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోవాళ్లే చేయవచ్చు, నెట్‌వర్క్ ఆస్పత్రిలోనూ చేస్తారు, సందేహాలకు 14555. తట్టుకునే రాయి ఒకటుంది: వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు. పాతకాలంవాళ్లకు పుట్టిన తేదీ తెలియక ఆధార్ తీసినప్పుడు ఉజ్జాయింపుగా వేసిన సంవత్సరం ఉంటుంది. అసలు వయసు 73 అయినా ఆధార్‌లో 67 ఉంటే కార్డు రాదు. ఆధారం ఉంటే తేదీ ముందే మార్పించండి.

ఈ కార్డు దేశమంతా, ఆయుష్మాన్ నెట్‌వర్క్‌లో ఉన్న ఏ ఆస్పత్రిలోనైనా చెల్లుతుంది. తమిళనాడు సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. వేచి ఉండే కాలం లేదు, ఉన్న జబ్బులన్నిటికీ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. 72 ఏళ్ల నాన్నకు షుగరు, బీపీ పెట్టుకుని ప్రైవేటు పాలసీ కోసం ఏటా వేలకు వేలు కట్టే ముందు ఈ కార్డు తీయించండి.

నాలుగో అడుగు: జీతం చీటీలో ఈఎస్ఐ

రేణిగుంట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో, పెద్ద అంగళ్లలో, హోటళ్లలో పనిచేసేవాళ్లు జీతం చీటీ తీసి చూడండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 దాకా ఉంటే ఈఎస్ఐ ఉండాలి. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతం 18,000 అయితే మీ చేతి నుంచి పోయేది 135 రూపాయలు, యజమాని కట్టేది 585. ఆ 720 రూపాయలకు భార్యాపిల్లలకు, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా వైద్యం వస్తుంది. జబ్బు చేసి పని మానేస్తే, కంట్రిబ్యూషన్ సరిపడా ఉన్నవాళ్లకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం కూడా ఇస్తారు. ఏ ప్రైవేటు ఆరోగ్య పాలసీలోనూ అది లేదు.

జీతంలో కట్ అవుతున్నా కుటుంబ సభ్యుల పేర్లు చేర్చనివాళ్లు లెక్కలేనంతమంది. హెచ్ఆర్‌ను అడిగి ఆధార్‌లతో చేర్పించి కార్డు ప్రింటు తీసుకోండి. వైద్యానికి ముందు డిస్పెన్సరీకి వెళ్లాలి, అక్కడి రిఫరల్ మీద తిరుపతి ఈఎస్ఐ ఆస్పత్రికి, అవసరమైతే ఇంకా పైకి. రిఫరల్ లేకుండా నేరుగా ప్రైవేటుకు వెళితే అత్యవసరం అయితే తప్ప డబ్బు రాదు. జీతం మధ్యలో 21,000 దాటినా ఆ కంట్రిబ్యూషన్ అర్ధసంవత్సరం ముగిసేదాకా పథకంలోనే ఉంటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ప్రైవేటు పాలసీ తీసుకోవాలంటే ఆ గడువులోపే తీసుకోండి, మధ్యలో ఖాళీ రాదు.

ఐదో అడుగు: లోటు లెక్క

ఇప్పుడు తెల్లకాగితం మళ్లీ చూడండి. రైస్ కార్డు ఉన్న ఆటో డ్రైవరు ఇంట్లో పెద్ద జబ్బులకు వైద్య సేవ ఉంది. అక్కడ లోటు జాబితాలో లేని అడ్మిషన్లు, సేవలు ఆగిన రోజులు. 2, 3 లక్షల చిన్న పాలసీ చాలు. అదీ కట్టలేకపోతే అప్పు చేసి కట్టొద్దు. ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకుని, 20 రూపాయల సురక్షా బీమా ఉంచుకుని, నెలవారీ మాత్రలు జన్ ఔషధి అంగట్లో కొనుక్కోవడం మేలు.

ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి ఉద్యోగం పోయినా, జీతం 21,000 దాటినా రక్షణ పోతుంది. వయసులో ఉండగానే చిన్న పాలసీ ఒకటి మొదలుపెడితే వేచి ఉండే కాలం అప్పటికి గడిచిపోతుంది. ఆఫీసు గ్రూపు బీమాదీ ఇదే కథ, రాజీనామా రోజుతో సరి.

నిజంగా ఇరుక్కుపోయేది మధ్యలో ఉన్నవాళ్లు. చిత్తూరులో చిన్న అంగడి, ఆదాయం పరిమితి దాటింది, ఈఎస్ఐ లేదు, నాన్నకు 72, అమ్మకు 66. వీళ్లు కొనాల్సిందే. నాన్నకు వయ వందన. అమ్మకు 70 వచ్చేదాకా విడిగా ఒక పాలసీ. భార్యాభర్తలకు, పిల్లలకు కలిపి ఒక ఫ్యామిలీ ఫ్లోటరు, అంటే ఒకే బీమా మొత్తాన్ని అందరూ పంచుకునే పాలసీ. అమ్మను ఫ్లోటరులో కలపొద్దు, ఎందుకంటే ఫ్లోటరు ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్ద వయసు మీద లెక్కకడతారు. 66 ఏళ్ల మనిషిని చేర్చగానే 35 ఏళ్లవాళ్ల ప్రీమియం కూడా ఆ వయసుకు ఎక్కి కూర్చుంటుంది.

ఆరో అడుగు: పాలసీలో చదవాల్సిన లైన్లు

పోల్చడానికి కొలబద్ద కావాలి. 2020 ఏప్రిల్‌లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీల చేతా ఒకే షరతులతో తెప్పించిన ఆరోగ్య సంజీవని పాలసీ ఆ పనికొస్తుంది. ఏ కంపెనీ దగ్గర కొన్నా లోపలి షరతులు ఒకటే, తేడా ప్రీమియంలో, సేవలో. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000 మించకుండా. ఐసీయూకి 5 శాతం, 10,000 మించకుండా. ప్రతి క్లెయిములో 5 శాతం మనమే భరించాలి, దీన్నే కో-పే అంటారు. కంటి శుక్లానికి ఒక్కో కంటికి 40,000 లేదా బీమా మొత్తంలో నాలుగో వంతు, ఏది తక్కువైతే అది. వేరే పాలసీ ఏది చూపించినా "సంజీవని కంటే ఇందులో ఏది ఎక్కువ, ఏది తక్కువ?" అని అడగండి. ఏజెంటుకు పాలసీ ఎంత తెలుసో కూడా అక్కడే తెలిసిపోతుంది.

ప్రీమియం కంటే ముందు చూడాల్సింది గది అద్దె లైను. చాలా ఇళ్లలో మోసపోయామన్న మాట అక్కడి నుంచే వస్తుంది. లెక్క చూడండి. 1.5 లక్షల సంజీవని పాలసీ ఉంది, గది పరిమితి రోజుకు 3,000. "బీమా ఉంది కదా" అని 6,000 గదిలో చేరారు. అయిదు రోజుల గది 30,000. సర్జను, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు కలిపి 60,000. మందులు, ఇంప్లాంటు, పరీక్షలు 40,000. మొత్తం 1,30,000. మీరనుకునేది గదిలో 15,000 మాత్రమే కోత పడుతుందని. కానీ పరిమితికి రెట్టింపు గదిలో ఉన్నారు కాబట్టి సర్జను, థియేటరు ఫీజులోనూ సగం కోస్తారు. గదికి 15,000, ఫీజులకు 30,000, మందులు వగైరాలకు దామాషా కోత లేదు కాబట్టి 40,000. మొత్తం 85,000. అందులో 5 శాతం మనది, చేతికొచ్చేది 80,750. జేబు నుంచి 49,250 పోయింది. 3,000 గదిలో చేరి ఉంటే ఈ దామాషా కోత ఊసే ఉండేది కాదు. కాబట్టి, చేరేటప్పుడు రిసెప్షన్‌లో "మా పాలసీకి గది అద్దె ఇంతే, ఆ లోపు గదే ఇవ్వండి" అని చెప్పడం, ఖాళీ లేదంటే ఆ మాట రాయించుకోవడం మీ పని.

వేచి ఉండే కాలం మూడు రకాలు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. హెర్నియా, మొలలు, కిడ్నీ రాళ్లు, శుక్లం, గర్భసంచి ఆపరేషన్, మోకాలి మార్పిడి లాంటివాటికి ఎక్కువ పాలసీల్లో రెండేళ్లు. ఇప్పటికే ఉన్న షుగరు, బీపీ, గుండె జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్లుండేది. పాత బ్రోచరు పట్టుకుని నాలుగేళ్లంటే ఒప్పుకోకండి. 65 దాటినవాళ్లకు కొత్త పాలసీ లేదన్న మాట కూడా అప్పుడే పోయింది. అయితే ఆరోగ్యం చూసి కాదనే హక్కు కంపెనీకి ఇంకా ఉంది.

తక్కువ ఖర్చులో పెద్ద మొత్తం కావాలంటే సూపర్ టాప్-అప్. 3 లక్షల మూల పాలసీ, దాని మీద 3 లక్షలు దాటాక మొదలయ్యే సూపర్ టాప్-అప్ తీసుకుంటే, మొత్తాన్ని ఒకే పాలసీగా కొనడంకంటే సాధారణంగా చౌక. "సూపర్" అన్న మాట ఉందో లేదో చూడండి. ఏడాదిలో రెండుసార్లు 2 లక్షల చొప్పున బిల్లు వస్తే, సూపర్ టాప్-అప్ రెండూ కలిపి 4 లక్షలుగా లెక్కేసి పై లక్ష ఇస్తుంది. ఉత్త టాప్-అప్ ఏ బిల్లూ విడిగా 3 లక్షలు దాటలేదంటూ చేతులు దులుపుకుంటుంది.

ఏడో అడుగు: ప్రీమియం భారం తగ్గించుకోవడం

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటరు ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ లేదు. 20,000 ప్రీమియం మీద అంతకుముందు 3,600 అదనంగా పోయేది. రెన్యువల్ నోటీసులో జీఎస్టీ లైను కనిపిస్తే అడగండి. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు. ఏదో సంఘం సభ్యత్వం కట్టించి గ్రూపులో చేర్చే పాలసీ ఎవరైనా తెస్తే ఈ తేడా కూడా లెక్కేసుకోండి.

ఎవరూ చెప్పని సంగతి, పాలసీ మొదలుపెట్టే తేదీ. ఏ తేదీన మొదలైతే ప్రతి ఏడూ ఆ తేదీకే డబ్బు కావాలి. తోతాపురి మామిడి కోత జూన్, జూలైల్లో. ఫ్యాక్టరీ డబ్బు చేతికొచ్చేది ఆ తర్వాత. మామిడి రైతు మే నెలలో పాలసీ మొదలుపెడితే ఏటా చేతిలో చిల్లిగవ్వ లేని నెలలో ప్రీమియం పడుతుంది, ఏదో ఒక ఏడు తప్పుతుంది. సెప్టెంబరు పెట్టుకుంటే తప్పదు. పాల బిల్లు వచ్చేవాళ్లకు, నెల జీతగాళ్లకు నెలవారీ వాయిదా కుదురుతుంది. కాకపోతే వాయిదాకు గడువు మీరాక ఇచ్చే సమయం 15 రోజులే. ఏడాది ప్రీమియానికైతే 30 రోజులు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తప్పి, గడువు కూడా దాటితే పాలసీతో పాటు గడిచిన వేచి ఉండే కాలమంతా నీళ్లపాలే. వాయిదాల మధ్య క్లెయిము వస్తే ఆ ఏడాది మిగిలిన వాయిదాలు క్లెయిములోంచి పట్టుకుంటారు, దానికి కంగారుపడొద్దు.

60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని అడగాలి, 2025 జనవరి నుంచి. కంపెనీ నచ్చకపోతే పాలసీ మానేయకండి, పోర్టు చేసుకోండి, అంటే వేరే కంపెనీకి మార్చుకోండి. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెడితే గడిచిన వేచి ఉండే కాలం పాత బీమా మొత్తం వరకు కొత్త కంపెనీకి వస్తుంది. ఆదాయపు పన్నులో ప్రీమియం మినహాయింపు పాత విధానంలో రిటర్ను వేసేవాళ్లకే. ప్రీమియం నగదుగా కడితే అదీ రాదు.

ఎనిమిదో అడుగు: ప్రపోజల్ ఫారం

"షుగరు రాయొద్దులే సార్, ప్రీమియం ఎక్కువైపోతాది" అంటారు. రాయండి. మీరు చేరగానే డ్యూటీ డాక్టరు కేస్ షీటు మొదటి పేజీలోనే "ఎన్నేళ్ల నుంచి షుగరు?" అని అడిగి రాసుకుంటారు. క్లెయిము చూసేవాళ్లు మొట్టమొదట తిప్పేది ఆ పేజీనే. ఫారంలో "లేదు", కేస్ షీటులో "ఆరేళ్లుగా ఉంది" అని ఉంటే క్లెయిము పోయి, పాలసీ కూడా రద్దవుతుంది. ఫారం మీరే నింపండి, లేదా ఏజెంటు నింపింది ప్రతి పేజీ చదివి సంతకం పెట్టండి. ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూడా సంతకమే. అయిదేళ్లు ఆపకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న మాటతో క్లెయిము కాదనడానికి వీల్లేదు. ఆ అయిదేళ్లు నిజం మీద గడవాలి.

పాలసీ చేతికొచ్చాక 30 రోజులు ఫ్రీ లుక్. అందులో పెట్టే సమాచార పత్రంలో గది అద్దె, కో-పే, వేచి ఉండే కాలం చూసి, ఏజెంటు చెప్పినట్టు లేకపోతే వెనక్కిచ్చేయండి.

తొమ్మిదో అడుగు: చేరే రోజు

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 24 గంటల్లో కంపెనీకి తెలియజేయాలి. నగదు లేకుండా చికిత్స కోసం ఆస్పత్రి పంపిన అర్జీకి గంటలో జవాబు, డిశ్చార్జి బిల్లుకు 3 గంటల్లో అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మే నెల సర్క్యులర్. 3 గంటలు దాటాక ఆస్పత్రి వేసే అదనపు ఛార్జీ కంపెనీ భరించాలి. ఆస్పత్రి బిల్లు ఎన్నింటికి పంపిందో బిల్లింగు కౌంటరులో అడిగి టైము రాసుకోండి. ఆలస్యం ఆస్పత్రిదో కంపెనీదో అక్కడే తేలుతుంది.

చిన్న నర్సింగ్ హోములో చేరేముందు ఒక ప్రశ్న: రిజిస్ట్రేషన్ ఉందా, ఎన్ని పడకలు? రిజిస్ట్రేషన్ లేని చోట, 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, రాత్రింబవళ్లు డాక్టరు, నర్సు ఉండాలన్నది పాలసీల్లోని నిర్వచనం. అదీ ఇదీ లేకపోతే బిల్లు ఎంత సరిగ్గా ఉన్నా చెల్లదు. జ్వరానికి ఒట్టి పరీక్షల కోసం చేరితే "అడ్మిషన్ అవసరం లేదు" అని తిప్పికొడతారు. డెంగీ కేసుల్లో ఈ జవాబు తరచూ వస్తుంది. ప్లేట్‌లెట్లు, బీపీ, వాంతులు, సెలైను ఎందుకు పెట్టారన్నది డాక్టరు కేస్ షీటులో స్పష్టంగా రాయాలి.

మీరే కట్టి తర్వాత తెచ్చుకునేదైతే డిశ్చార్జి సమ్మరీ, విడివిడిగా బిల్లు, రసీదులు, చీటీలతో మందుల బిల్లులు, రిపోర్టులు, ఇంప్లాంటు స్టిక్కరు తీసుకుని సాధారణంగా 30 రోజుల్లోపు పంపాలి. చేరడానికి 30 రోజుల ముందు, తర్వాత 60 రోజుల దాకా అదే జబ్బుకైన ఖర్చు కూడా సంజీవనిలో వస్తుంది. స్కానింగు బిల్లు పారేసి అది పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. అసలు బిల్లులు ఇచ్చేముందు అన్నీ రెండు జతలు జిరాక్స్ తీయండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవాలన్నా బిల్లులు అడుగుతారు.

పదో అడుగు: కాదన్నప్పుడు

నోటిమాటగా "రాదంట" అంటే సరిపోదు. ఏ క్లాజు కింద కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ క్లాజు నంబరు మీ పాలసీలో ఉందో లేదో చూడండి. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిలు, దానితో పాటు ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255లో గానీ ఫిర్యాదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా వివాదాలు తీర్చే అధికారికి) రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందికే వస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు. తీర్పు మీకు అనుకూలమైతే కంపెనీ 30 రోజుల్లో కట్టాలి.

ఆ అర్జీ రెండు పేజీలు మించనక్కర్లేదు. పాలసీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, అడిగిన మొత్తం, ఇచ్చిన మొత్తం, కాదన్న క్లాజు, అది ఎందుకు వర్తించదు. దానికి కేస్ షీటు నకలు జతచేయండి. డిశ్చార్జి రోజే ఆస్పత్రి రికార్డుల విభాగంలో అర్జీ పెడితే కేస్ షీటు నకలు సులువుగా దొరుకుతుంది. ఆరు నెలల తర్వాత వెళితే వెతకడానికే వారం.